మట్టం నిలబెట్టే గేట్లు



ఈ సభ కరపత్రం మీద మా సైన్స్ సారు పేరు ఇంటిపేరుతో, డిగ్రీలతో సహా అచ్చేశారు. నా నోటికి ఆ పేరు రాదు. మా కేతేపల్లిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. సైన్స్ సారు అంటే ఒక్కరే. ఈ గంటసేపూ నేను సారు అనే అంటాను. పుస్తకం వేసేటప్పుడు దాన్ని దిద్దొద్దని నిర్వాహకులకు ముందే చెప్పుకున్నాను.

మా బడిలో ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సారు దానికోసం ఆగలేదు. ఒకరోజు ఇంటి నుంచి సున్నపు తేట సీసాలో తెచ్చారు. గాజుగ్లాసులో పోసి చిటికెడు పసుపు వేశారు. పసుపు కాస్తా ఎర్రబడింది. ‘ఇదేందిరా?’ అన్నారు. ‘పారాణి సార్’ అన్నది వెనక నుంచి ఒక పిల్ల. పెళ్లికూతురి కాళ్లకు పెట్టేది అదే కదా. సారు నవ్వి, బొప్పాయి ఆకు కాడ ఒకటి తెంపించి, గ్లాసులో ముంచి నా చేతికిచ్చారు. ‘ఊదు. పీల్చేవు, నోరు కాలుతది. ఊదు.’ ఊదాను. బుడగలు వచ్చాయి, నీళ్లు తెల్లగా మసకబారాయి, కాసేపటికి ఎర్రదనం విరిగి మళ్లీ పసుపు రంగుకు తిరిగింది. గ్లాసులో ఎవరూ నిమ్మకాయ పిండలేదు. నా ఊపిరే వెళ్లి సున్నం విరిచింది.

మనిషి ఊపిరిలో ఆమ్లం పోతుందని నేను ఆ రోజు తెలుసుకున్నాను. ముప్పై ఏళ్లు డాక్టరీ చేశాక కూడా దానికి నేను కలుపుకున్నది కొంచెమే. ఆ కొంచెం మీ ముందు పెడతాను.

1

రక్తంలో ఆమ్లాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. 1909లో సోరెన్‌సెన్ అనే ఆయన కోపెన్‌హాగెన్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో కూర్చుని ఈ కొలత తయారుచేశాడు. ఏడుకు కింద ఆమ్లం, పైన క్షారం. మన ధమనుల్లో రక్తం 7.35కూ 7.45కూ నడుమ ఉంటుంది. అంటే రక్తం ఎప్పుడూ కాస్త క్షారం వైపే మొగ్గి ఉంటుంది. వైద్యులు ‘రక్తంలో ఆమ్లం పెరిగింది’ అన్నప్పుడు రక్తం చింతపులుసైందని కాదు, ఉండాల్సిన చోటు నుంచి కిందికి జారిందని.

ఈ కొలతలో ఒక మోసం ఉంది. 7.4 నుంచి 7.1కి దిగితే చూడటానికి చిన్న తేడా. నిజానికి ఆమ్లం రెండింతలైనట్టు. 7.4 దగ్గర లీటరు రక్తంలో 40 నానోమోల్స్ హైడ్రోజన్ అయాన్లుంటే 7.1 దగ్గర 80. జ్వరం 98 నుంచి 101కి పోతే గాభరా పడేవాళ్లం, ఇక్కడ మూడు పదోవంతులే కదా అనుకుంటాం. 6.8కి దిగినా, 7.8కి ఎక్కినా సాధారణంగా మనిషి దక్కడు.

జారితే ఏమవుతుంది? ఒంట్లో ప్రతి పనీ చేసే ప్రొటీన్లు తమ ఆకారం మీద బతుకుతాయి. హైడ్రోజన్ అయాన్లు పెరిగితే ఆ ఆకారం సడలుతుంది. 7.2 దాటి కిందికి పోతుంటే గుండె పిండే బలం తగ్గుతుంది, బీపీ నిలబెట్టే మందులకు రక్తనాళాలు సరిగా పలకవు, మనిషి మత్తులోకి జారుతాడు. కణాల్లో దాగి ఉండాల్సిన పొటాషియం చాలాసార్లు రక్తంలోకి వస్తుంది. గుండె లయ తప్పడానికి అది చాలు.

ఇంతమాత్రానికి ఆమ్లం శత్రువనుకోకండి. పత్తి ఏరే మనిషి కండరంలో ఆమ్లం కొంచెం పెరిగినప్పుడే అక్కడి రక్తం తన ఆక్సిజన్‌ను సులువుగా వదులుతుంది. దాన్ని కనిపెట్టింది 1904లో క్రిస్టియన్ బోర్, అదీ కోపెన్‌హాగెన్‌లోనే. పరమాణువు బొమ్మతో బడి పాఠాల్లో వచ్చే నీల్స్ బోర్‌కు ఈయన తండ్రి. మనవాడు ఒకాయన కూడా ఉన్నాడు ఈ దారిలో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను చూపించాడు. అప్పటిదాకా కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అనుకునేవాళ్లు. ఫాస్ఫోక్రియాటిన్ విరిగి శక్తి అందించేటప్పుడు అక్కడి హైడ్రోజన్ అయాన్లను కొన్ని మింగుతుంది కూడా. పరుగు మొదలైన తొలి క్షణాల్లో కండరానికి అదొక గొడుగు.

2

ఇప్పుడు మన మూసీ ప్రాజెక్టు దగ్గరికి పోదాం. పూర్తి మట్టం 645 అడుగులు. వానాకాలంలో పేపర్లో రోజూ ఆ అంకె వేస్తారు. మట్టం 645 దగ్గర కదలకుండా ఉందని చదివి, పై నుంచి వరద లేదనుకుంటామా? హైదరాబాదులో కుండపోత కురిసి నీళ్లు ఉరుకుతున్న రోజు కూడా మట్టం 645 దగ్గరే ఉండొచ్చు. కట్ట మీద నిలబడి చూస్తే తెలుస్తుంది, ఎన్ని గేట్లు ఎత్తారో, ఎంత ఎత్తారో. 2019 అక్టోబరులో ఒక గేటు కొట్టుకుపోయిన సంగతి ఇక్కడ ఎవరికీ నేను గుర్తుచేయనక్కర్లేదు. గేటు పోయాక ఆ ఏడు యాసంగికి నీళ్లెట్లా అని రైతులు ఎంత మథనపడ్డారో మీకే తెలుసు.

రక్తం కూడా అంతే. పీహెచ్ అన్నది మట్టం. దాన్ని చూసి ‘నార్మలే’ అని కాగితం మడిచి జేబులో పెట్టుకునే డాక్టర్లు మాలో చాలామంది. పై నుంచి వస్తున్న వరదెంత, ఏ గేటు ఎంత ఎత్తి ఉంది, ఎన్నాళ్లు అట్లా ఎత్తి ఉంచగలదు అన్నది అసలు లెక్క. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే.

మన రక్తానికి రెండు గేట్లు. ఒకటి ఊపిరితిత్తులు, రెండోది మూత్రపిండాలు. మధ్యలో బైకార్బనేట్ అనే నిల్వ నీరు, అంటే వంటింట్లో తినే సోడాలో ఉండేదే. తిన్న అన్నం ఒంట్లో మండి రోజుకు 12,000 నుంచి 15,000 మిల్లీమోల్స్ కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. వాయువుగా కొలిస్తే 300 లీటర్ల పైమాట. అది రక్తంలో కరిగితే ఆమ్లమే. మొత్తం ఊపిరితోనే పోవాలి. ఊపిరికి పోని ఆమ్లం, మాంసం, పప్పు, గింజల్లోని ప్రొటీన్ల నుంచి వచ్చేది, రోజుకు 50 నుంచి 70 మిల్లీమోల్స్. అది మూత్రపిండాల వంతు. అంకెల్లో మొదటిది ఏనుగు, రెండోది ఎలుక. కానీ ఎలుక పోయే దారి ఒక్కటే. అది మూసుకుంటే ఏనుగు పోయే దారి ఎంత వెడల్పున్నా ఎలుక ఇంట్లోనే ఉంటుంది.

3

ఊపిరి గేటు నిమిషాల్లో కదులుతుంది. దానికి ఉన్న గొప్ప సుగుణం, బయటికి కనపడటం. రక్తపరీక్ష అక్కర్లేదు, గడియారం ఉంటే చాలు.

మా మేనత్త మనవడి సంగతి చెప్తాను. ఏ పట్నమో, ఏ దవాఖానో చెప్పను, చెప్పి లాభం లేదు. పదకొండేళ్ల పిల్లవాడు. రెండు వారాలుగా చిక్కిపోతున్నాడు, రాత్రి నాలుగైదుసార్లు లేచి నీళ్లు తాగుతున్నాడు. ఆ రోజు కడుపునొప్పి, వాంతులు, ఆపైన ఎగశ్వాస. దమ్మని రాసి ఆవిరి పట్టారు. మర్నాడు కూడా పట్టారు. నేను పోయేసరికి మంచం మీద కూర్చుని ఊపిరి తీస్తున్నాడు. దమ్ము ఊపిరి అట్లా ఉండదు. దమ్ములో గాలి బయటికి పోలేక ఈల వేస్తుంది, మనిషి గింజుకుంటాడు. ఈ పిల్లవాడి ఛాతీలో ఈల లేదు. లోతుగా, బావిలో నుంచి తోడినట్టు, ఆగకుండా తీస్తున్నాడు. దగ్గరికి వంగితే నోట్లో నుంచి మగ్గిన పండు వాసన. వేలు పొడిచి చూస్తే షుగర్ మిషన్ అంకె చూపించలేదు, ‘హై’ అని మాత్రం చూపించింది.

ఇన్సులిన్ లేక ఒళ్లు చక్కెరను వాడుకోలేకపోతే కొవ్వును మండిస్తుంది. అందులోంచి కీటో ఆమ్లాలు వరదలా వస్తాయి. బైకార్బనేట్ నిల్వ అడుగంటుతుంది. అప్పుడు మెదడు ఊపిరి గేటును మొత్తం ఎత్తేస్తుంది, ఉన్న కార్బన్ డయాక్సైడ్‌నైనా బయటికి పంపి మట్టం నిలబెడదామని. ఈ ఊపిరిని 1874లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ వర్ణించాడు, ఇన్సులిన్ రావడానికి దాదాపు యాభై ఏళ్ల ముందు. ఆయనకు మందు లేదు, చూపు ఉంది. మన పిల్లవాడి చుట్టూ మందులన్నీ ఉన్నాయి. పిల్లవాడు బతికాడు, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, పొద్దున్నే తన సూది తానే వేసుకుంటాడు. తల్లులకు ఒక మాట: పిల్లలు విపరీతంగా నీళ్లు తాగుతూ చిక్కిపోతుంటే, వాంతులతో ఊపిరి లోతుగా తీస్తుంటే, ఏ దవాఖానకు పోయినా ‘షుగర్ చూడండి సార్’ అని మీరే అడగండి. సిగ్గుపడకండి.

గేటు మూసుకుపోవడం ఎట్లుంటుందో చూడాలంటే మళ్లీ కోపెన్‌హాగెన్ పోవాలి, నన్ను తిట్టకండి. 1952లో అక్కడ పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు పడిపోయిన తొలి 31 మందిలో 27 మంది చనిపోయారు. వాళ్ల రక్తంలో బైకార్బనేట్ ఎక్కువగా ఉంది. చూసినవాళ్లు క్షారం ఎక్కువైందనుకున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు తలకిందులుగా ఆలోచించాడు. ఊపిరి ఆడక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయింది, ఆ బైకార్బనేట్ దాని నీడ మాత్రమే, వీళ్లు ఆమ్లంలో మునిగి పోతున్నారు అన్నాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ల పిల్ల గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి, రబ్బరు సంచీ నొక్కుతూ గాలి పంపించాడు. పిల్ల తేరుకుంది. ఆ తర్వాత దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని, రాత్రీ పగలూ చేత్తో సంచీలు నొక్కారు. కరోనా రోజుల్లో మనం విన్న ఐసీయూ, వెంటిలేటర్ అన్న మాటల వెనక ఆ విద్యార్థుల చేతులున్నాయి. క్షారమనుకున్న ఆ పెద్ద డాక్టర్లు పొరబడింది తెలివి తక్కువై కాదు. వాళ్లు ఒక్క అంకెనే చూశారు, గేటు వైపు తిరగలేదు.

4

ఎదురుది కూడా ఉంది. వరద లేకుండానే గేటు ఎత్తితే మట్టం తలకిందులవుతుంది.

పదో తరగతి లెక్కల పరీక్ష. సెంటరు గేటు దగ్గర ఒక అమ్మాయి ఎగపోస్తూ కూలబడింది. మూతి చుట్టూ తిమ్మిరి అంటోంది. చేతివేళ్లు దగ్గరకు బిగిసి, బొటనవేలు లోపలికి పోయి, అరచెయ్యి పాముపడగలా వంగింది. గాలి సోకిందని ఒకరు, నిమ్మకాయ తెమ్మని ఒకరు. భయంతో గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి పోతుంది, రక్తం క్షారమవుతుంది. అప్పుడు రక్తంలో ఊరికే తిరిగే కాల్షియం కొంత ప్రొటీన్లకు అతుక్కుంటుంది. నరాలు చిరచిరలాడతాయి, కండరాలు బిగుస్తాయి. ఇది ఆ రోజు నాకు తెలియదు. సారు ఆ పిల్ల పక్కన నేల మీదే కూర్చున్నారు. ‘పదమూడో ఎక్కం చెప్పు బిడ్డా. ఒక్కో వరుసకు ఒక్క ఊపిరే.’ పదమూడు ఒకట్ల దగ్గర ఏడుపు, పదమూడు ఏళ్ల దగ్గర వేళ్లు సడలాయి. పరీక్ష రాసింది. నెలరోజుల తర్వాత తెలిసింది, లెక్కల్లో నాకంటే ఎక్కువ వచ్చాయని.

ఇంకొక మాట. ఎగశ్వాస చూడగానే భయమే కారణమని తీర్మానించి మొహానికి కాగితపు సంచీ కట్టకండి. ముందు చెప్పిన మా పిల్లవాడికి అట్లా చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకుని నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, పద్నాలుగు నిండకుండానే. అంత ఎత్తుకు పోయేవాళ్ల రక్తం ఎట్లుంటుందో 2007లో బ్రిటిష్ వైద్యులు అక్కడే చూశారు. 8,400 మీటర్ల దగ్గర తొడ ధమని నుంచి రక్తం తీసి, షెర్పా చేత కింది శిబిరానికి పంపి కొలిపించారు. ఆక్సిజన్ ఒత్తిడి సగటున 24.6 పాదరస మిల్లీమీటర్లు. ఇక్కడ మనకు 90 పైచిలుకు. ఒకరి పీహెచ్ 7.60 దాకా ఉంది. ఆక్సిజన్ కోసం అంతగా ఊపిరి తీస్తే ఆమ్లమంతా ఎగిరిపోయింది మరి. పర్వతారోహకులు కింద గుడారాల్లో వారాల తరబడి ఉండటం ఊరికే కాదు. మిగిలిపోయిన క్షారాన్ని మూత్రపిండాలు మెల్లగా పారబోయాలి. వాటికి రోజులు పడుతుంది.

5

మూత్రపిండాల గేటు నిదానం. మనసులో పెట్టుకుని పనిచేసే మనిషిలాంటిది. రోజుకు దాదాపు 180 లీటర్ల నీరు వడగట్టి, అందులో పోబోయే 4,300 మిల్లీమోల్స్ బైకార్బనేట్‌ను చుక్క పోకుండా వెనక్కి తెచ్చుకుంటాయి. ఆపైన ఆ 50, 70 మిల్లీమోల్స్ ఆమ్లాన్ని మూత్రంలో కలిపి పంపుతాయి. ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు డయాలసిస్ కుర్చీల్లో కూర్చునే కొబ్బరితోటల కూలీలకు ఈ గేటే తుప్పు పట్టింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతో వాళ్లు మనకంటే బాగా చెప్తారు. బైకార్బనేట్ ఎంత అని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. చవకైన సోడా బైకార్బ్ మాత్రలు ఎందుకిస్తారో వివరించే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి చాలామంది గ్యాస్ మాత్రలనుకుని మానేస్తారు.

విరేచనాల్లో పోయేది నీళ్లొక్కటే కాదు, బైకార్బనేట్ కూడా. ఓఆర్ఎస్ పొట్లం వెనక చిన్న అక్షరాల్లో సిట్రేట్ అని ఉంటుంది చూడండి. అది కాలేయంలో బైకార్బనేట్‌గా మారుతుంది. ఉప్పు, చక్కెర గురించి అందరూ చెప్తారు, ఈ మూడోదాని గురించి చెప్పరు.

ఇక ఆల్కలైన్ నీళ్లు. మన పక్క పట్నాల్లో కూడా మిషన్లు వచ్చాయట. తాగిన నీళ్లు ముందు పోయేది కడుపులోకి, అక్కడి ఆమ్లం పీహెచ్ ఒకటీ రెండూ. ఆ నీళ్లు అక్కడే విరుగుతాయి. ఏదన్నా మిగిలితే ఒక్కపూట మూత్రంలో పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మట్టాన్ని డబ్బా నీళ్లు కదిలించలేవు. కదిలించగలిగితే అంతకంటే ప్రమాదం ఉండదు. కడుపు ఉబ్బరానికి గోలీసోడా తాగేవాళ్లం కదా, అందులో ఉన్నది కార్బానిక్ ఆమ్లం. త్రేన్పు మాత్రం బాగా వస్తుంది.

6

రెండు గేట్లూ చాలకపోతే ఒళ్లు చేసే పని ఒకటుంది. కట్టనే తవ్వుకుని అమ్ముకుంటుంది. ఎముకలో సున్నం ఉంది. ఆమ్లం ఏళ్ల తరబడి నిలిచి ఉంటే ఆ సున్నం కొంచెం కొంచెం కరిగి ఆమ్లాన్ని విరుస్తుంది. సారు గ్లాసులో జరిగిందే. తేడా ఏమిటంటే ఇక్కడ గ్లాసు మన వెన్నెముక.

నల్లగొండ జిల్లాలో ఎముక మాట ఎత్తి ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా దిగిపోతే మర్రిగూడ, చండూరు నుంచి వచ్చినవాళ్లు నన్ను క్షమించరు. 1955లోనే డాక్టర్ సిద్దిఖీ మన జిల్లా నడుములు వంగిన కథ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ కథలో కూడా ఆమ్లం ఉంది. ఆమ్లం ఉన్నచోట ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జతకడుతుంది. జతకట్టినప్పుడు కణాల గోడలు దాటడం దానికి సులువు. మూత్రం ఆమ్లంగా ఉంటే మూత్రపిండం దాకా వచ్చిన ఫ్లోరైడ్ వెనక్కి జారి మళ్లీ ఒంట్లోకి పోతుంది. మూత్రం క్షారంగా ఉంటే జత విడిపోయి బయటికి పోతుంది. మూత్రపిండం దెబ్బతిన్నవాళ్లకు బోరు నీళ్ల ఫ్లోరైడ్ రెట్టింపు భారం.

2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హాస్టల్ పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూశారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మన అవ్వల పచ్చిపులుసుకు అంతో ఇంతో పరువు దక్కింది. దీన్ని పట్టుకుని చింతపండు వైద్యం మొదలుపెట్టకండి. వంగిన ఎముకను పులుసు నిలబెట్టదు. నాగపూర్ నీరీ వాళ్లు కనిపెట్టి మన జిల్లా పేరు పెట్టిన నల్లగొండ టెక్నిక్‌లో కూడా పటికతో పాటు సున్నం వేసేది పీహెచ్ పడిపోకుండా చూసుకోవడానికే. అసలు మేలు చేసింది బోరు మాన్పించి కృష్ణ నీళ్లు ఇంటికి తెచ్చిన పైపు.

7

సారు చివరి రెండేళ్లు మూత్రపిండాల జబ్బుతో గడిపారు. డయాలసిస్ ఇంకా మొదలుకాలేదు. ఒక సాయంత్రం చూడబోతే రక్తం రిపోర్టు నా చేతికిచ్చి, కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు.

‘పీహెచ్ ఎంత?’

‘7.36 సార్.’

‘మట్టం బాగనే ఉంది కదా. మరి ఎందుకట్ల మొహం పెట్టినవ్?’

బైకార్బనేట్ 18 అన్నాను. ఉండాల్సింది 24. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 33, ఉండాల్సింది 40 దరిదాపు. ఆయన కాసేపు మాట్లాడలేదు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. ‘అంటే కింది గేటు దిగిపోయింది, పై గేటు ఎత్తి సర్దుతున్నది’ అన్నారు. ఔనన్నాను. నేను మెడికల్ కాలేజీలో ఐదేళ్లకు గానీ నేర్చుకోనిది అది.

‘నా ఊపిరి లెక్కపెట్టు’ అన్నారు. నేను చేతి గడియారం చూస్తూ ముప్పై సెకన్లకు తల ఎత్తాను, రెండుతో హెచ్చవేద్దామని.

‘నిమిషం నిండా లెక్కపెట్టరా. తొందరేముంది?’

మళ్లీ మొదలుపెట్టాను. ఇరవై నాలుగు.